సొరుగు చప్పుడు

ఇంటి నుంచి, మేడ మీది గది
ఫిబ్రవరి 3

బుల్లీ,

వారానికి రెండుసార్లు ఫోనులో మాట్లాడుకుంటూనే ఉంటాం, ఈ వదినకి ఉత్తరం రాయాల్సిన అవసరం ఏమొచ్చిందా అనుకుంటున్నావు కదూ. నిన్న ఫోనులో మూడుసార్లు మొదలుపెట్టాను. మొదటిసారి నువ్వు "ఆగు వదినా, పాలు పొంగుతున్నాయి" అన్నావు. రెండోసారి మీ అన్నయ్య పక్కన చేరి తన బస్సు డిపో కబుర్లు అందుకున్నాడు. మూడోసారి నాకే గొంతు పెగల్లేదు. నా గొంతు సంగతి నీకు తెలియనిదా, పక్క కుర్చీలో ఉన్నవాళ్ళకే వినపడదు. కాగితమైతే మధ్యలో అడ్డం రాదు. ఏడేళ్ళుగా మింగుకుంటూ వచ్చిన మాట ఇది. ఈ పొద్దున ప్రార్థనకి కూర్చుంటే దేవుడి పేరు బదులు ఇదే నాలిక మీదికి వచ్చింది. ఇక లాభం లేదని కలం పట్టాను.

మా ఆసుపత్రి రికార్డు గదిని నువ్వు లెక్కల్లో తప్ప కంటితో చూడలేదు. అందుకని చెప్తాను. పెద్ద గది, పైకప్పు దాకా అరలు, అరల నిండా రోగుల ఫైళ్ళు నంబర్ల వరసలో ఉంటాయి. రోగి వచ్చి పేరు చెప్తాడు. ఆ పేరుది ఏ నంబరో తెలిస్తేనే ఫైలు దొరుకుతుంది. ఆ పేరూ నంబరూ జత ఒకప్పుడు కార్డుల మీద ఉండేది, ఇప్పుడు కంప్యూటర్లలోనే ఉంది. ఆ కంప్యూటర్లు రెండూ పోయిన గురువారం ఒకదాని వెనక ఒకటి కళ్ళు మూశాయి.

బాగుచెయ్యడానికి వచ్చిన టై కట్టుకున్న మెకానిక్ మూత విప్పి లోపలికి చూసి నవ్వాడు. "ఈ మోడల్‌కి సామాన్లు చెయ్యడం మానేసి మూడేళ్ళయిందమ్మా. కొత్త మిషన్లు వస్తాయి, కానీ ఇందులో ఉన్నది వాటికి అర్థం కాదు. మళ్ళీ మొదటి నుంచి కొట్టుకోవాలి" అన్నాడు. మా గదిలో నాతో మిగిలిన ఒకే ఒక్క మనిషి, పొడుగాయన, "మేము ఆ మోడల్ కంటే ముందే వచ్చినవాళ్ళం బాబూ. మా మూత కూడా విప్పి చూస్తారా?" అని అడిగాడు. నవ్వొచ్చింది కానీ ఎక్కువసేపు నిలవలేదు.

శనివారం ఒక పెద్దాయన గుండెనొప్పితో వచ్చాడు. పాత గుండె చార్టు కావాలని పై నుంచి డాక్టరు నాలుగుసార్లు మనిషిని పంపింది. నంబరు ఎలా తెలుస్తుంది? ఆపరేషన్ ఏ ఏడు జరిగిందో ఆయన భార్యని అడిగి, ఆ ఏటి ఫైళ్ళన్నీ ఇద్దరం దించాము. నలభై నిమిషాలు పట్టింది. నా కుర్చీ వెనకే ఉంది ఆ ఫైలు, చెయ్యి చాపితే అందేంత దూరంలో. ఆయన బతికాడు, దేవుడి దయ. కానీ ఆయన భార్య కిటికీ బయట నిలబడి నన్ను చూసిన చూపు ఇంకా నా వీపు మీదే ఉంది.

సోమవారం సూపరింటెండెంటు గారు ఒక ఫారం ఇచ్చారు. కొత్త కంప్యూటర్ల కొనుగోలుకి మీ ఆఫీసు నుంచి వచ్చిందే. "పాత కార్డుల పద్ధతిలో ఒక ఫైలు ఇవ్వడానికి పట్టిన సమయం: తొమ్మిది నిమిషాలు" అని అచ్చు వేసి ఉంది. కింద, ఆ పద్ధతిలో పనిచేసిన మనిషిగా, ఇది నిజమేనని నేను సంతకం పెట్టాలి.

కళ్ళజోడు తెచ్చుకోలేదని చెప్పి తప్పించుకున్నాను. కళ్ళజోడు నా ముక్కు మీదే ఉంది.

ఆ తొమ్మిది ఎలా వచ్చిందో నీకూ నాకూ తెలుసు. ఏం చెయ్యమంటావు?

మీ వదిన

*

ఆఫీసు, నాలుగో అంతస్తు, భోజనాల వేళ
ఫిబ్రవరి 12

వదినా,

ఉత్తరం! మా ప్యూన్ నీ కవరుని రెండు వేళ్ళతో పట్టుకుని తెచ్చాడు, కోర్టు నోటీసేమో అనుకున్నాడట. నీ గుండ్రటి అక్షరాలు చూడగానే నాకు ఎనిమిదో తరగతి గుర్తొచ్చింది. పరీక్షల ముందు నా జడ వేస్తూ ఎక్కాలు అప్పజెప్పించుకునేదానివి. తప్పు చెప్తే జడ లాగేదానివి. ఇప్పుడూ జడే లాగుతున్నావు.

నువ్వు ఊరికే మనసు పాడుచేసుకుంటున్నావు. కంప్యూటర్ అన్నాక పాతబడుతుంది. మా విభాగంలోనే మూడోసారి మార్చాం. మందు ఏమిటంటే కొత్తవి కొనడం. ఆ కొనుగోలు ఫారమ్మీదే నువ్వు కళ్ళజోడు నాటకం ఆడితే, రేపు ఇంకో పెద్దాయన భార్య కిటికీ దగ్గర నిలబడుతుంది. అది ఆలోచించు.

ఒక మనిషి ఒక గంటలో ఎంత పని పూర్తి చేస్తాడు, యంత్రం ఇస్తే అది ఎంత పెరిగింది, ఈ లెక్కే మాకు కూడూ గుడ్డా. ఆ లెక్కకి మాకో పద్ధతి ఉంది. యంత్రం కొనకముందు ఒకరోజు కళ్ళెదుట కొలుస్తాం, కొన్న నెలకి మళ్ళీ ఒకరోజు కొలుస్తాం. మీ గదిలో తొమ్మిది కాస్తా నాలుగైంది. రెట్టింపుకి పైన. కొలిచింది నేను కాదు, మా స్టాప్‌వాచీ ఆయన. పైగా మీ గది పెద్ద "ఇది మామూలు రోజే" అని చెప్పి సంతకం కూడా పెట్టింది. ఫైలులో ఇప్పటికీ ఉంది. ఆవిడే ఒప్పుకున్నాక నువ్వెందుకు నెత్తిన వేసుకుంటావు?

సంతకం పెట్టెయ్యి వదినా. ఏప్రిల్ ఆఖరు దాకా గడువుంది. అన్నయ్యని ఆ కొత్త కళ్ళద్దాలు వాడమని చెప్పు, పాతవాటితో బండి నడిపితే నాకు తెలుస్తుంది.

నీ బుల్లి

*

రికార్డు గది, మధ్యాహ్నం
మార్చి 2

బుల్లీ,

గదిలో కూర్చునే రాస్తున్నాను. కంప్యూటర్లు లేవు కాబట్టి బల్ల ఖాళీగా ఉంది.

పెద్దక్క సంతకం సంగతి నాకు నీ ఉత్తరం చూసేదాకా తెలియదు. అది చదివి రెండురోజులు అన్నం సయించలేదు. ఆమె అలా ఎందుకు రాసింది? మామూలు రోజు ఎలా ఉంటుందో ఆమెకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

పెద్దక్క అంటే మా గది పెద్ద, నాకు పని నేర్పినావిడ. అప్పట్లో ఆరుగురం. డాక్టర్ల గదుల నుంచి చీటీ వచ్చేది, రోగి పేరు రాసి. కిటికీ దగ్గర టైము ముద్ర పడేది. నేను కార్డుల సొరుగుల దగ్గర కూర్చునేదాన్ని. సొరుగు లాగి, పేరు వెతికి, నంబరు పైకి చదివి, సొరుగు మూసేదాన్ని. నా వెనక అరల దగ్గర పెద్దక్క. నంబరు చెవిన పడీ పడకముందే ఆమె కాళ్ళు కదిలేవి. ఫైలు వచ్చేది, చీటీ మీద రెండో ముద్ర పడేది. అప్పటికే ఇరవయ్యారేళ్ళ నుంచి ఆ అరల మధ్య నడుస్తోంది. ఏ ఏటికి ఆ ఏడు ఇంకా చురుగ్గా అయింది కానీ తగ్గలేదు. ఈ కంప్యూటర్లు చూడు, వచ్చిన రోజున ఎంత వేగమో అంతే వాటి వైభవం. మర్నాటి నుంచి దిగుడే.

కొలతకి నాలుగు రోజుల ముందు నువ్వు మా ఇంట్లో భోంచేస్తూ ఒక మాట అన్నావు. "వదినా, ఆ రోజు పరుగులు పెట్టకు. కాస్త నింపాదిగా చెయ్యి. మెరుగు రెట్టింపు లేకపోతే కొనుగోలు ఒప్పుకోరు, నా ఉద్యోగం ఖాయం కాదు." మనుషుల్ని తీసేస్తారా అని అడిగాను. "ఛ, పని తేలికవుతుంది, అంతే" అన్నావు. పెరుగు వడ్డించమన్నావు.

నేను నింపాదిగానే చేశాను. ప్రతి కార్డూ రెండుసార్లు చూశాను. సొరుగుని అంగుళం అంగుళం లాగాను. కళ్ళజోడు తుడిచాను, మళ్ళీ తుడిచాను. నోటితో ఒక్క అబద్ధం ఆడలేదు. చేతులతో ఆడాను.

నేను చేసింది నా ఒక్కదాని మీద పడుతుందనుకున్నాను. పడలేదు. నా దగ్గర నంబరు ఆలస్యమైతే వెనకున్న మనిషి ఊరికే నిలబడాలి కదా. స్టాప్‌వాచీ ఆయన అది కూడా కొలిచాడు. నాలుగు నెలల తర్వాత సూపరింటెండెంటు గారు పెద్దక్కని పిలిచి చదివారు: "అరల దగ్గరి మనిషి సగానికి పైగా సమయం పనిలేక నిలబడుట గమనించడమైనది." రిటైరవడానికి ఇంకా మూడేళ్ళుంది ఆమెకి. ఆమెతో కలిపి నలుగురిని పంపేశారు. కార్డులు చిత్తు కాగితాల వాడి బండిలో వెళ్ళాయి.

పెద్దక్క వెళ్తూ నా తల మీద చెయ్యి వేసి, "జాగ్రత్త, ఆ దుమ్ములో నోటికి గుడ్డ కట్టుకో" అంది. ఇప్పుడు చెల్లెలి ఇంట్లో ఉంటోంది, ఇక్కడికి రెండు గంటల బస్సు ప్రయాణం. ఏడేళ్ళలో ఒక్కసారి కూడా వెళ్ళి చూడలేదు నేను.

ఇంకొకటి. నువ్వు అడిగావు కాబట్టి చేశానని ఇన్నాళ్ళూ దేవుడికి చెప్పుకుంటూ వచ్చాను. అది సగమే. కంప్యూటర్ ముందు కూర్చునే కుర్చీ నాకిస్తామన్నారు. మెత్తటి సీటు, పక్కన ఫ్యాను. దుమ్ము సొరుగుల్లో ఇరవయ్యేళ్ళు దగ్గాను, ఆ కుర్చీ మీద ఆశ పుట్టింది. ఈ రెండు సగాలూ ఇప్పటిదాకా మీ అన్నయ్యకి కూడా తెలియవు.

సంతకం పెట్టలేను బుల్లీ.

మీ వదిన

*

ఆఫీసు
ఏప్రిల్ 4

వదిన గారికి,

మీ ఉత్తరం అందింది. కొన్ని విషయాలు స్పష్టంగా చెప్పడం మంచిదనిపించింది.

మీ గది లెక్క ఇప్పుడు మీ ఒక్క గదిది కాదు. "తొమ్మిది నుంచి నాలుగు" అన్నది నమూనాగా తీసుకుని ఇంకో పదకొండు ఆసుపత్రుల్లో ఇంకా కార్డులతో నడుస్తున్న రికార్డు గదులకి కంప్యూటర్లు కొనబోతున్నారు. ఆ గదుల్లో ఎంతమందిని ఉంచాలన్నది కూడా ఆ లెక్క ప్రకారమే నిర్ణయమైంది. ఆ నివేదిక తయారుచేసింది నేను. మా విభాగం పెద్ద జూలైలో రిటైరవుతున్నారు, ఆ స్థానానికి నా పేరు వెళ్ళింది.

మీరు సంతకం పెట్టనంటే కారణం అడుగుతారు. జ్ఞాపకం మీద ఆధారపడి చెప్పే మాటకి మా దగ్గర విలువ లేదు. కళ్ళెదుట కొలిచిందే లెక్క. దానికి ఎదురు చెప్పాలంటే కాగితం ఉండాలి. మీ దగ్గర ఏదైనా కాగితం ఉందా? లేకపోతే ఈ సంగతి ఇంతటితో వదిలెయ్యడం అందరికీ క్షేమం.

అన్నయ్యకి ఇవేవీ చెప్పరని అనుకుంటున్నాను.

మీ ఆడపడుచు

*

ఇంటి నుంచి, మేడ మీది గది
ఏప్రిల్ 19

బుల్లీ,

నన్ను "మీరు" అన్నావు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి. ఆ ఒక్క ముక్క దగ్గరే చాలాసేపు ఆగిపోయాను. మీ అన్నయ్య "ఏం రాసింది చెల్లెలు?" అని అడిగితే "మర్యాద నేర్చుకుంది" అన్నాను. "దానికా?" అని నవ్వాడు పాపం.

కాగితం ఉందా అన్నావు. ఉంది.

నాకు ఒక అలవాటు. ఏ కాగితం వెనక వైపు ఖాళీగా ఉన్నా పారెయ్యలేను. కొలతకి ముందటి ఏడు పనైపోయిన చీటీలన్నీ చిత్తుకింద కట్టేస్తుంటే కొన్ని కట్టలు అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. రోజుకొక చీటీ వెనక ఒక ప్రార్థన వాక్యం రాసుకునేదాన్ని. ఎవరికి జ్వరమో, ఎవరికి పరీక్షో, వాళ్ళ పేరు కూడా. నువ్వు ఉద్యోగం ఖాయం కావాలని తల్లడిల్లిన రోజుల్లో వరసగా నలభై చీటీల వెనక నీ పేరే ఉంది.

వెనక నా ప్రార్థన. ముందు వైపు రెండు ముద్రలు, చీటీ వచ్చిన టైము, ఫైలు ఇచ్చిన టైము. ఇన్నేళ్ళు వెనక వైపే చూశాను. నీ ఉత్తరం వచ్చాక పెట్టె దించి మొదటిసారి తిప్పి చూశాను.

నాలుగు వందల పన్నెండు చీటీలు. మూడు సాయంత్రాలు పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. నా చదువు పదో తరగతితో ఆగింది, అందుకని రెండుసార్లు కూడి, భాగించి చూశాను. చీటీకి మూడున్నర నిమిషాలు. ఆ గుండెనొప్పి పెద్దాయన చీటీ కూడా ఉంది అందులో, పాతది. నాలుగు నిమిషాలు.

కంప్యూటర్ వచ్చిన నెలకి మీరు కొలిచిన నాలుగు కూడా చూడు. అప్పటికి పెద్దక్కని ఇంకా పంపలేదు. అరల దగ్గర ఆమే ఉంది. నంబరు తెర మీద కనపడితే ఫైలు తనంతట తాను నడిచి రాదు కదమ్మా. ఆమె వెళ్ళాక రెండో ఏటికి ఆరైంది, నాలుగో ఏటికి ఎనిమిదైంది. ఒక అక్షరం కొడితే తెర మీద పడేలోపు పొడుగాయన టీ తాగొచ్చేవాడు. ఇప్పుడు నలభై. మీవాళ్ళు ఈ ఏడేళ్ళలో ఒక్కసారి వచ్చి ఉంటే ఇవన్నీ కళ్ళెదుటే కొలుచుకునేవాళ్ళు.

ఆ పదకొండు గదుల్లో ఎంతమంది పెద్దక్కలున్నారో, వాళ్ళ ముందు నాలాంటిది ఎవరు కూర్చుందో నాకు తెలియదు. నిన్ను బెదిరించడానికి రాయడం లేదు. నిన్ను అల్లరిపాలు చేసే పని నా చేతులతో చెయ్యను, ఒకసారి చేతులతో చేసింది చాలు. చీటీలు నా దగ్గరే ఉన్నాయి. ఏం చెయ్యాలో నువ్వే చెప్పు. సంతకం మాత్రం పెట్టను. కళ్ళజోడు పోయిందని ఇంకో పది రోజులు చెప్పగలను, తర్వాత సూపరింటెండెంటు గారే కొనిచ్చేలా ఉన్నారు.

నీ వదిన

*

ఇంటి నుంచి
మే 8

వదినా,

నీ ఉత్తరం హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని రెండు వారాలు ఆఫీసుకీ ఇంటికీ తిరిగాను. మూడు జవాబులు రాసి చింపేశాను. మొదటి దానిలో నిన్ను తిట్టాను. రెండో దానిలో చీటీలు కాల్చెయ్యమన్నాను. నిజంగా రాశాను వదినా, ఆ మాట. వెనక నా పేరు నలభైసార్లు ఉందని తెలిసి కూడా.

నువ్వు నీ సగం చెప్పావు. నాది చెప్తాను.

ఆ రోజు మీ ఇంట్లో మనుషుల్ని తీసేస్తారా అని నువ్వు అడిగినప్పుడు నాకు తెలుసు. నలుగురు అని కూడా తెలుసు. మెరుగు రెట్టింపైతే మనుషులు సగం కంటే తక్కువైనా పని జరుగుతుందని కాగితం మీద అప్పటికే వేసుకున్నాను. నువ్వు మిగిలే ఇద్దరిలో ఉండేలా చూడమని సూపరింటెండెంటుకి చెప్పింది కూడా నేనే. ఛ, పని తేలికవుతుంది అని అన్నాను. పెరుగు అడిగింది నీ మొహం చూడలేక.

ఈ ఉద్యోగంలో ఏడేళ్ళుగా ఇలాంటి లెక్కలు చాలా వేశాను. మొదటి కొలత, నెల తర్వాత రెండో కొలత, అంతే. మూడో ఏడాది ఎలా ఉందో, ఐదో ఏడాది ఎలా ఉందో ఎక్కడా కొలవం. ఆసుపత్రి మూల చచ్చిపడున్న మీ మిషన్లు మా పుస్తకాల్లో మొన్నటిదాకా మనిషికి రెట్టింపు పని చేయిస్తూనే ఉన్నాయి. ఎందుకు కొలవమని నేను ఒక్కసారి అడిగాను, చేరిన కొత్తలో. "కొలిస్తే మళ్ళీ కొనేటప్పుడు ఏం రాస్తావమ్మా?" అన్నారు మా విభాగం పెద్ద, నవ్వుతూ. నేనూ నవ్వాను.

చీటీలు పంపు వదినా. వెనక ఉన్నది ఎవరూ చదవకుండా నేను చూసుకుంటాను.

నిన్ను "మీరు" అన్నందుకు ఆ రోజు అన్నం తినలేదు. ఆ సంగతి ఫోనులో చెప్పలేకపోయాను.

బుల్లి

*

పోస్టాఫీసు బల్ల దగ్గర
మే 17

బుల్లీ,

ఈ పార్సిల్‌తో చీటీలు పంపుతున్నాను, నాలుగు వందల పదకొండు. ఒకటి ఉంచుకున్నాను. దాని వెనక పెద్దక్క పేరుంది, ఆమెకి మోకాళ్ళ నొప్పి తగ్గాలని రాసుకున్నది. మిగతా నా మొరలన్నీ నీ చేతుల్లో పెట్టాను. దేవుడు చదివేసినవే కదా, ఇంకెవరు చదివినా కొత్తగా పోయేదేం లేదు.

సంతకం గడువు దాటింది. "గుర్తులేదు" అని రాసివ్వమన్నారు, గుర్తుంది కాబట్టి రాయలేనన్నాను. గట్టిగానే అన్నాను. పక్క గదిదాకా వినపడిందట, పొడుగాయన ఇప్పటికీ ఆశ్చర్యపోతున్నాడు.

వదిన

*

ఆఫీసు, రెండో అంతస్తు
జూలై 26

వదినా,

అంతస్తు చూశావుగా. రెండు మెట్లు దిగాను.

జరిగింది ఇది. చీటీల ముందు వైపు నకళ్ళు తీసి, మూడున్నర నిమిషాల లెక్క జత చేసి, పైవాళ్ళకి ఇచ్చాను. తొమ్మిది ఎలా వచ్చిందని అడిగారు. పనిచేసేవాళ్ళలో ఒకరిని నెమ్మదిగా చెయ్యమని నేనే అడిగానని చెప్పాను. ఎవరిని అన్నారు. అడిగింది నేను కాబట్టి నా పేరు చాలన్నాను. మరి గది పెద్ద మామూలు రోజని ఎలా సంతకం పెట్టిందన్నారు. నాకు తెలియదన్నాను, నిజంగానే తెలియదు. "ఆవిడకి లెక్క తెలిసుండదులే" అని వాళ్ళే తేల్చేసుకున్నారు.

కంప్యూటర్లు ఆగలేదు వదినా. ఆర్డరు ఎప్పుడో వెళ్ళిపోయింది, మీకూ ఆ పదకొండు చోట్లకీ వస్తాయి. కానీ ఆ గదుల్లో మనుషుల్ని ఇప్పుడే కదపరు. ముందు పాత చీటీల ప్రకారం కొలవాలి, తర్వాత మూడేళ్ళ పాటు ఏటా కొలవాలి. కార్డులు అమ్మకూడదని కూడా రాయించాను. ఆ కొలతల పని ఎవరికీ ఇష్టం లేదు, నాకు అంటగట్టారు. విభాగం పెద్ద స్థానం స్టాప్‌వాచీ ఆయనకి వెళ్ళింది.

అన్నయ్యకి నేనే ఫోనులో చెప్పాను. మొత్తం విన్నాడు. తర్వాత, "మా డిపోలో కూడా కొత్త బస్సులు మొదటి నెలలోనే కొలుస్తారే" అన్నాడు. నన్ను క్షమించినట్టో కాదో తెలియలేదు.

మీ పెద్దక్కకి మాత్రం నేను ఏమీ తిరిగి ఇప్పించలేకపోయాను. ఆ నలుగురి సంగతి అడిగితే, "అయిపోయింది కదా" అన్నారు. నాకు ఆవిడ మొహం కూడా తెలియదు వదినా. సగానికి పైగా సమయం పనిలేక నిలబడుట. ఆ వాక్యం నాది.

బుల్లి

*

ఇంటి నుంచి, మేడ మీది గది
ఆగస్టు 15

బుల్లీ,

పెద్దక్క దగ్గరికి వెళ్ళొచ్చాను.

బస్సులో రెండు గంటలూ ఏం చెప్పాలో అప్పజెప్పుకుంటూనే ఉన్నాను. మూడో అంతస్తు, ఇరుకు మెట్లు. తలుపు ఆమే తీసింది. జుట్టు పూర్తిగా నెరిసింది, చిక్కింది. నన్ను చూసి ఒక్క క్షణం ఆగలేదు. "దగ్గు తగ్గిందా?" అంది. ఏడేళ్ళ తర్వాత మొదటి మాట అది.

ఆమె చెల్లెలు కాఫీ ఇస్తూ నా దగ్గర మొర పెట్టుకుంది. "మీ గది పెద్దని మీరే తీసుకుపొండి. వంటింట్లో డబ్బాలన్నిటికీ నంబర్లు వేసింది. చిటికెడు ఉప్పు కావాలన్నా ఈవిడకి చీటీ రాసివ్వాలి." పెద్దక్క ఏమీ తగ్గలేదు. "నంబరు వేశాక నీకు ఉప్పు ఎప్పుడైనా ఆలస్యమైందా చెప్పు" అంది.

చెల్లెలు లోపలికి వెళ్ళాక నేను చెప్పేశాను. కుర్చీ మీది ఆశ, నింపాదిగా చెయ్యమన్న మాట, కళ్ళజోడు, అన్నీ. నువ్వెవరో కూడా చెప్పాను, క్షమించు, ఆమెకి సగం చెప్పడం నావల్ల కాలేదు. ఆమె కిటికీ వైపు చూస్తూ విని, "నెమ్మదిగా చేశావని నాకు తెలుసు" అంది.

"తెలుసా?"

"ఇరవయ్యేళ్ళు నీ సొరుగుకి వీపు పెట్టి నిలబడ్డానే. లాగితే ఒక చప్పుడు, మూస్తే ఒక చప్పుడు. ఆ రెంటి మధ్య నేను మూడడుగులు వేసేదాన్ని. ఆ రోజు లాగిన చప్పుడు వచ్చింది, మూసే చప్పుడు రాదు. దీనికి ఒళ్ళు బాగాలేదు అనుకున్నాను. అంతకుముందు నెలంతా దగ్గుతూనే ఉన్నావు. ఆ వాచీ బాబు 'రోజూ ఇంతేనా' అన్నాడు. కాదంటే ఇవాళ ఎవరివల్ల అని అడుగుతాడు, నీ పేరు రాసుకుంటాడు. మామూలే బాబూ అని సంతకం పెట్టాను. జ్వరంతో పనికొచ్చిన మనిషిని పట్టిస్తానా?"

చూశావా బుల్లీ. నేను కుర్చీ కోసం నా చేతులు ఆపాను. ఆమె నన్ను కాపాడటానికి ఆ సంతకం పెట్టింది. ఆ సంతకమే ఆమెని బయటికి పంపింది.

ఆమే అడిగింది, "అయితే జ్వరం లేదా?"

"లేదు పెద్దక్కా."

"దగ్గో?"

"దగ్గు నిజమే."

"సరే, అంతవరకైనా సరిగ్గానే విన్నాను" అంది. నవ్వబోయింది, మధ్యలో ఆగిపోయింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంటూ కూర్చుంది. నేను ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాను.

అప్పుడు ఆ చీటీ తీసి ఇచ్చాను, దాచుకున్న ఒక్కటి. వెనక రాసింది చదివి, "మోకాళ్ళు తగ్గలేదు, మీ దేవుడికి చెప్పు" అంది. తర్వాత ముందు వైపు తిప్పింది. ముద్రలు రెండూ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసింది.

"అన్నిటి మీదా ఎంత వచ్చింది?"

"మూడున్నర నిమిషాలు."

"మూడున్నరా!" ఆమె మొహం చిన్నబోయింది. "మూడనుకున్నానే."

వాళ్ళు ఆమెకి లెక్క తెలియదని తేల్చారన్న సంగతి కూడా చెప్పాను. నిజం రాసి పంపుతానన్నాను. "రాస్తే ఏమవుతుంది, గది పెద్ద తెలిసి తప్పు సంతకం పెట్టిందని ఎక్కుతుంది. ఇరవయ్యారేళ్ళలో నేను పెట్టిన తప్పు సంతకం అదొక్కటే. అది నీకూ నాకూ మధ్య ఉండనీ" అంది. నీ గురించి ఒక్కటే అడిగింది, "ఆ పిల్ల ఇప్పుడు కూర్చుని చూస్తోందా, కాగితం మీదే కొలుస్తోందా?" అని. కూర్చుని చూస్తుందని మాటిచ్చాను. నా మాట నిలబెట్టు. ఏ గదికి వెళ్ళినా ముందు సొరుగుల వైపు వీపు పెట్టి కాసేపు ఊరికే విను.

మా గదికి కొత్త కంప్యూటర్లు వచ్చాయి. నిగనిగలాడుతున్నాయి. మీ పద్ధతి ప్రకారం వచ్చేనెల కొలుస్తారు, బాగానే వస్తుంది, మొదటి నెల కదా. నేను మాత్రం పాత ఫైళ్ళు దించి ఒక్కొక్క పేరూ నంబరూ మళ్ళీ కార్డుల మీద రాస్తున్నాను. సొరుగులు లేవు, చెప్పుల పెట్టెల్లో పెడుతున్నాను. పొడుగాయన అవి వరసగా సర్దుతాడు. రోజుకి అరవై అవుతున్నాయి. నేను రిటైరయ్యేలోపు మొత్తం పూర్తి కావు, తెలుసు.

ఆ చీటీల నకళ్ళు ఎవరు అడిగినా చూపించు. నలుగురూ చూడాల్సినవే. ఈ ఉత్తరాలు మాత్రం, నావీ నీవీ, నావి నీ దగ్గరకే వచ్చేశాయి, నీవి ఈ కవరులో పెట్టాను, అన్నీ ఒక్కచోట కట్టి దాచు. నా తప్పు దాచుకోవాలని కాదు, అది చెప్పాల్సినవాళ్ళకి చెప్పేశాను. పెద్దక్క సంతకం ఎందుకు పెట్టిందో వీటిలో తప్ప ఎక్కడా లేదు. పారెయ్యకు బుల్లీ. ఎవరికీ చూపించకు.

నీ వదిన